మూడు గాట్ల బిరడా

ఇరవై రెండేళ్ల క్రితమే చచ్చిపోయిందని ఊరంతా నమ్మిన ఊట నోట్లో, చెరువు అడుగున, ఎవరో దిగ్గొట్టిన కొయ్య బిరడా ఒకటి కనిపించింది.

మేస్త్రమ్మ పార పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చుంది. అరచేత్తో బురద తుడిచింది. గుండ్రటి తల, పిడికిలంత లావు. నానీ నానీ నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏమైంది మేస్త్రీ?" మిషన్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి అడిగాడు ఆవిడ మొగుడు. ఇంట్లో ఆవిడ పెళ్లాం, పనిలో మేస్త్రి. పదిహేనేళ్లుగా ఆ తేడా తప్పకుండా పాటిస్తున్నాడు.

"మిషన్ ఆపు."

"ఆపితే మళ్లీ స్టార్టవ్వడానికి దానికి బుద్ధి పుట్టాలి."

"ఆపమన్నానా!"

ఆపాడు. నలభై ఒక్క రోజులుగా కొండంతా మోగుతున్న చప్పుడు ఆగిపోయింది. గట్టు మీద తట్టలెత్తుతున్న కూలీలు కూడా ఇటు తిరిగి చూశారు.

డ్రైవరు కిందికి దూకాడు.

"బూట్లు!" అంది మేస్త్రమ్మ.

నాలుక్కరుచుకుని బూట్లు విప్పి గట్టు మీదికి విసిరాడు. ఈ కుటుంబం పూడిక తీసే పద్ధతే అంత. పైనున్న ఆకుల కుళ్లు, దాని కింద కొండ మీంచి జారిన రాళ్లమట్టి మిషన్ తీస్తుంది. చివరి జానెడు మాత్రం పారతోనే, వట్టి కాళ్లతోనే. పాదానికి చల్లగా తగిలి, జర్రున జారితే ఆగిపోవాలి. అది బంకమట్టి. కొండ మీద చెరువుకి నీళ్లు నిలబెట్టేది అదే. దానికి చిల్లు పడితే నీళ్లు కొండ కడుపులోకి పోతాయి.

ఆ చిల్లు పెట్టింది మేస్త్రమ్మ నాన్నేనని ఊరి నమ్మకం. పోయినసారి పూడిక తీసినప్పుడు గునపం లోతుకి దింపి బంకమట్టి పగలగొట్టాడని, ఊట అడుక్కి జారిపోయిందని. ఆయన అసలు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. చిల్లు మేస్త్రి. పాలవాడు కూడా అలాగే పిలుస్తాడు, ఏ కోపమూ లేకుండా.

కానీ నిన్న సాయంత్రం మేస్త్రమ్మ చెరువు అడుగంతా వట్టి కాళ్లతో నడిచింది. ఆ చివర నుంచి ఈ చివరకి, మూడు సార్లు. ఎక్కడా చిల్లు లేదు.

చిల్లు లేకపోతే నీళ్లెటు పోయాయి? ఆ ప్రశ్నతో పొద్దుటిదాకా నిద్రపట్టలేదు. జవాబు ఇప్పుడు మోకాళ్ల ముందుంది.

"ఇది చూడు." బిరడా తల మీద వేలితో రాసింది. వరసగా మూడు గాట్లు తేలాయి.

డ్రైవరు మొహం మారింది. "ఇది మీ ఇంటిది కదూ?"

"మా తాత చెక్కింది. పూడిక తీసేటప్పుడు అడుగు ఆరాలని ఊట నోట్లో బిరడా కొడతాం. పనయ్యాక పీకేస్తాం."

"మీ పెట్టెలో ఏడుండాలిగా. పెళ్లైన కొత్తలో మీ పెదనాన్న నాకు చూపించారు. కొత్తల్లుడికి ఉంగరం పెడతారనుకుంటే కొయ్యముక్కలు లెక్కపెట్టించారు. ఏడూ ఉన్నాయి. నాకు బాగా గుర్తు."

"నాకూ గుర్తే. మరి ఇదేంటి?"

డ్రైవరు బిరడా మీదికి చెయ్యి చాచాడు.

"గొలుసు తగిలించి మిషన్‌తో లాగేద్దామా?"

"చెయ్యి పెట్టకు! ఇరవై రెండేళ్లు నానిన కొయ్య. పుటుక్కుమంటే సగం లోపలే ఉండిపోతుంది. అది తీయాలంటే చుట్టూ బంకమట్టి పగలగొట్టాలి. అప్పుడు పడుతుంది నిజం చిల్లు." లేచి చేతులు చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది. "పైగా నాలుగింటికి ఓవర్సీరమ్మ వస్తుంది. బిరడా ఊటలో ఉండగా ఆవిడ కళ్లారా చూడాలి. లేకపోతే ఇంట్లోంచి తెచ్చి పాతావంటారు."

ఓవర్సీరమ్మ ఈ సాయంత్రం ఒక కాగితం పట్టుకుని వస్తోంది. ఊట లేదని తేలితే చెరువు పూడ్చేసి లారీల స్టాండు కట్టమన్న ఆర్డరు. దాని వెనక సంతకం లేని అర్జీలు రెండు. రెండింట్లోనూ ఒకటే మాట: ఆ చెరువు చచ్చిపోయింది, పూడ్చేయండి. ఎవరు రాశారో ఇంతవరకూ తేలలేదు.

"ఎవరు కొట్టారంటావ్?" అన్నాడు డ్రైవరు.

"అది కనుక్కోడానికే ఇంటికెళ్తున్నా. నువ్వు దీని పక్కనుంచి కదలకు."

"మంచినీళ్లు తాగడానిక్కూడానా?"

"నీళ్లు సాయంత్రం తాగుదువుగాని," అంది మేస్త్రమ్మ గట్టెక్కుతూ. "కడుపు పగిలేటన్ని."

* * *

"ఆ కాళ్లతోనా! ఆ కాళ్లతో వంటింట్లోకా!"

పెద్దమ్మ ఉల్లిపాయలు తరుగుతూ అరిచింది. మేస్త్రమ్మ వినిపించుకోలేదు. పీట లాగి అటక కింద వేసింది.

"నలభై రోజులైందే ఈ ఇంట్లో గాలి పీల్చి. పక్కబట్టల్లో బురద వాసన, తువ్వాళ్లలో బురద వాసన. మొన్న మీ పెదనాన్న చొక్కా జేబులోంచి కప్పపిల్ల దూకింది!"

"అది మా ఆయన పని, పెద్దమ్మా."

"అల్లుడన్న మర్యాదకి ఊరుకున్నా. అటక మీద ఏం కావాలి?"

"బిరడాల పెట్టె."

తరిగే చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

మేస్త్రమ్మ పెట్టె దించి వంటింటి గచ్చు మీద బోర్లించింది. ఒక గాటు, రెండు గాట్లు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. పక్కకి దొర్లిపోయింది మూడు గాట్లది. అదీ ఉంది.

అయితే మూడు గాట్లవి రెండున్నాయన్నమాట. ఒకటి ఇక్కడ, ఒకటి చెరువులో.

చేతిలోకి తీసుకుని చూసింది. మిగతా ఆరూ చెరువుల నీళ్లు తాగి తాగి నల్లబడ్డవి. ఇది పైకి మసి పూసినట్టుంది కానీ గోరుతో గీస్తే లోపల తెల్లగా ఉంది. గచ్చు మీద కొట్టింది. టంగుమంది. నీళ్లు తగిలిన కొయ్య అలా మోగదు.

"ఇది ఒక్కసారి కూడా చెరువులో దిగలేదు, పెద్దమ్మా. ఎవరు చెక్కారు?"

"నన్నడుగుతావేం? నేను వంటింటి మనిషిని."

"ఈ ఇంట్లో గుండుసూది కిందపడ్డా ఏ గదిలో పడిందో చెప్తావు."

"చెప్తాను. పడినవి చెప్తాను. పెట్టినవి నాకు తెలీదు."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకో దేనికో.

గుమ్మంలో దగ్గు వినిపించింది. పెదనాన్న. డెబ్భై నాలుగేళ్లు, నిటారుగా నడక, చేతికర్ర. ఊళ్లో పెద్ద మేస్త్రి అంటే ఆయనే. చుట్టుపక్కల కొండల మీద ఆయన చెయ్యి పడ్డాక ఎండిన చెరువు లేదు, ఈ ఒక్కటి తప్ప.

గచ్చు మీది బిరడాల్ని చూశాడు. పెద్దమ్మని చూశాడు. అలవాటు ప్రకారం ఎడమచేత్తో టీ గ్లాసు అందుకున్నాడు.

"ఊట దొరికింది పెదనాన్నా."

ఆయన టీ తాగుతున్నాడు.

"ఊట నోట్లో బిరడా ఉంది. మూడు గాట్లు."

పొగలు కక్కే టీ ఆగకుండా అడుగుదాకా తాగేసి గ్లాసు కింద పెట్టాడు. "పాత కొయ్యముక్కేదో కొట్టుకొచ్చుంటుంది."

"కొట్టుకొచ్చి, గాట్లు పెట్టుకుని, సరిగ్గా ఊట నోట్లో కూర్చుందా?"

"మా నాన్న నాటిదేమో."

"తాత పోయాక మీరు రెండు సార్లు అదే చెరువు పూడిక తీశారు. మొదటిసారి అయ్యాక చెరువు నిండిందిగా? రెండోసారి తర్వాతే ఎండింది."

"అయితే? నన్నంటావా?" గొంతు లేచింది. "ఈ ఇంట్లో నన్ను నిలబెట్టి అడిగే మనిషి పుట్టిందా?"

"నేనేం అనలేదు. చెప్పమంటున్నా."

"నీ నాన్ననడుగు! ఆ రోజు గునపం పట్టుకుని ఊట పక్కన ఉన్నది వాడు."

పెద్దమ్మ కత్తిపీట పక్కకి నెట్టి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

పెదనాన్న గొంతు తగ్గించాడు. "అమ్మాయ్. సాయంత్రం నేనూ వస్తాను. ఈలోగా దాన్ని ముట్టుకోవద్దు. బలంగా తిప్పితే విరుగుతుంది."

ఆయన వెళ్లిపోయాక కూడా మేస్త్రమ్మ అక్కడే నిలబడింది. అబద్ధమాడుతున్న మనిషి గొంతులో ఊట ఏమైపోతుందోనని అంత భయం ఎందుకుందో ఆమెకి అంతుబట్టలేదు.

మూడు గాట్ల తెల్ల బిరడాని సంచిలో వేసుకుంది.

* * *

నాన్న పెరట్లో పారలకి పదును పెడుతున్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఆయన చెరువు మొహం చూడలేదు. బజారుకెళ్లాలంటే గట్టు కనిపించకుండా పైదారిన చుట్టు తిరిగి పోతాడు. కానీ రోజూ పొద్దున్నే కూలీలు వచ్చేసరికి పారలన్నీ పదునుగా గోడకి ఆనించి ఉంటాయి.

"నాన్నా, అడుగంతా నడిచాను. ఎక్కడా చిల్లు లేదు."

ఆకురాయి ఆగలేదు. "సరిగ్గా చూసుండవు."

"మూడు సార్లు."

"ఊటకి ఉత్తరం పక్క. జానెడు దూరంలో. గునపం దిగింది. నా చేతికి తెలిసింది కదే."

"అంగుళం దిగింది. వేలు పెట్టి చూశా. నా బొటనవేలి గోరు కూడా మునగలేదు."

ఆకురాయి ఆగింది.

"అంగుళమేనా?"

"అంగుళమే."

"మరి నీళ్లు..."

"ఎటూ పోలేదు. ఊట నోట్లో బిరడా కొట్టి మర్చిపోయారు నాన్నా. ఆ రోజే దాని మీద కొండచరియ పడింది. దారి లేక ఆ నీళ్లు కొండలోంచి కిందికి ఊరుతున్నాయి. కింది మలుపులో రోడ్డుకి ఎన్నిసార్లు తారు వేసినా ఎందుకు లేచిపోతోందనుకున్నావ్?"

నాన్న చేతిలో పారని తిప్పి తిప్పి చూశాడు, దాని మీద ఏదో రాసున్నట్టు.

"సాయంత్రం నువ్వొచ్చి పాదం పెట్టి చెప్పాలి. బంకమట్టి చూడ్డంలో నీ అంత పాదం ఈ కొండ మీద లేదని పెదనాన్నే అంటాడు."

"నేను రాను."

"ఎందుకు?"

"జనం ఉంటారు."

"జనం ఉండాలనే రమ్మంటున్నా."

నాన్న ఆకురాయి కింద పెట్టాడు. తర్వాత గోడకున్న పారల వరస వైపు చూశాడు.

"ఏ పార తెమ్మంటావ్?" అన్నాడు.

* * *

నాలుగయ్యేసరికి గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు.

"చిల్లు మేస్త్రి వచ్చాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. నవ్వులు. నాన్న తలొంచుకుని కూతురి వెనకే వాలు దిగాడు. చెప్పులు విడిచాడు. మొదటి అడుగు వేసి అలాగే నిలబడిపోయాడు.

"ఏం మామయ్యగారూ, చల్లగా ఉందా?" డ్రైవరు అడిగాడు.

నాన్న కళ్లు మూసుకుని నాలుగడుగులు వేశాడు. మడమ నొక్కాడు, వేళ్లు నొక్కాడు. ఊటకి ఉత్తరం పక్కన వంగి మట్టిలో తడిమాడు. దొరికింది. పాత గునపం మచ్చ. అందులో బొటనవేలు పెట్టాడు.

గోరు మునగలేదు.

ఆయన నవ్వాడు. ముందు ముక్కులోంచి, తర్వాత నోరంతా తెరిచి. మేస్త్రమ్మ నాన్న నవ్వు అంత పెద్దగా విని ఎన్నేళ్లయిందో లెక్క తెలీదు. గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి.

ఓవర్సీరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. ఒకసారి జారి డ్రైవరు భుజం పట్టుకుంది.

"ఇదేం మట్టండీ బాబూ, సబ్బులా ఉంది!"

"అదే మాకు కావాల్సిందండీ," అన్నాడు నాన్న. ఇరవై రెండేళ్లలో గవర్నమెంటు మనిషితో ఆయన మాట్లాడిన మొదటి మాట.

ఆవిడ బిరడా చూసింది. ఫోనులో నాలుగు ఫొటోలు తీసింది. "సరే. పీకండి."

మేస్త్రమ్మ గట్టు వైపు తిరిగింది. గొంతెత్తింది.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది. బిరడా కొట్టినవాళ్లే పీకాలి. పీకేదాకా గట్టెక్కకూడదు. దీన్ని కొట్టినవాళ్లెవరైనా ఇక్కడుంటే, దిగొచ్చి పీకమంటున్నా."

గట్టు మీద ముందు వరసలో పెదనాన్న కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. పక్కన పెద్దమ్మ. ఇద్దరూ కదల్లేదు.

"ఎవరు కొడితేనేం," అన్నాడు నాన్న. "దాని గొంతు ఇంకా నొక్కి ఉంచడమెందుకు? నేను పీకుతా."

బిరడా తలకి తాడు బిగించాడు. తాడులో కర్ర దూర్చాడు. బిరడాకి కొబ్బరిపీచు చుట్టి కొడతారు, నీరు కారకుండా. పీచు ఎటు చుట్టారో దానికి ఎదురు తిప్పితే వదులవుతుంది. ఈ ఇంట్లో అందరూ చుట్టేది ఒకే వైపు కాబట్టి అందరూ తిప్పేదీ ఒకే వైపు. కుడికి.

కుడికి తిప్పాడు.

కిర్రుమంది. రాలేదు.

ఇంకోసారి. బిరడా తల మీద వెంట్రుక మందాన పగులు పాకింది.

"మామయ్యగారూ, విరిగేట్టుంది."

"ఎన్నేళ్ల బిగువో ఏంటో. ఈసారి వస్తుంది." నాన్న కర్ర మీద ఛాతీ ఆనించాడు. పగులు మొదటి గాటు దాటింది. రెండో గాటు దాటింది. ఓవర్సీరమ్మ చేతిలోని ఫైలు గుండెలకి హత్తుకుంది.

"ఒరేయ్! అటు కాదురా! ఎడమకి తిప్పు, ఎడమకి! పీచు తిరగేసి చుట్టుంది!"

గట్టు మీంచి పెదనాన్న అరుపు. కర్ర ఆయన చేతిలోంచి జారి వాలు మీద దొర్లుకుంటూ అడుగుదాకా వచ్చింది.

పెద్ద మేస్త్రి అంటే మాటలా, పైనుంచి చూసే కనిపెట్టేశాడని జనం మురిసిపోయారు. మేస్త్రమ్మ మాత్రం బిగుసుకుపోయింది. పీచు బంకమట్టిలోపల ఉంది. పైకి కనిపించేది తల ఒక్కటే. ఎటు చుట్టారో తెలిసేది చుట్టినవాడికే. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒక్కడే.

నాన్న తలెత్తి అన్నని చూశాడు. ఎంతోసేపు కాదు. తర్వాత కర్ర పట్టు మార్చుకుని ఎడమకి తిప్పాడు.

వెన్నలా తిరిగింది.

రెండో చుట్టుకి తల పైకి లేచింది. మూడో చుట్టుకి కొండ లోపల ఎక్కడో ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడైంది. నాలుగో చుట్టు తిప్పాల్సిన అవసరం రాలేదు. బిరడా తుపాకీ గుండులా ఎగిరి డ్రైవరు మోకాలి చిప్పకి తగిలింది.

"అమ్మా!" అన్నాడతను. ఆ అరుపు ఎవరికీ వినపడలేదు.

ముందు గాలి. తర్వాత గోధుమరంగు బురద, కుళ్లిన ఆకులు. తర్వాత చెయ్యంత లావు నీటిధార, మోకాలెత్తున లేచి, విరిగి, నలువైపులా పరుగెత్తింది. చూస్తూండగానే రంగు తేటబడింది. చల్లదనానికి నాన్న పాదాలు ఎర్రబడ్డాయి. ఆయన కదల్లేదు. దోసిలి పట్టి తాగాడు, మొహం మీద కొట్టుకున్నాడు, మళ్లీ తాగాడు.

గట్టు మీద కేకలు. ఆడవాళ్లు కొంగులు దోపుకుని దిగారు. కూలీలు తట్టలు గాల్లోకి ఎగరేశారు.

"నా మిషన్!" డ్రైవరు కుంటుకుంటూ పరుగెత్తాడు. నలభై రోజులు రోజూ పొద్దున్నే బతిమాలించుకున్న మిషన్ ఈసారి ఒక్క తిప్పుకే స్టార్టయింది. నీళ్లు చక్రాల్ని తాకే లోపు వాలెక్కి గట్టున పడింది. క్యాబిన్‌లోంచి అతను రెండు చేతులూ ఊపాడు, యుద్ధం గెలిచొచ్చినట్టు.

పాలవాడు నీళ్లలో నిలబడి నాన్నని పిలవబోయాడు. "చి..." అని ఆగాడు. నెత్తి గోక్కున్నాడు. ఏమని పిలవాలో తెలీలేదు.

"మేస్త్రిగారూ," అన్నాడు చివరికి. "ఒక దోసెడు ఇలా పోద్దురూ."

* * *

మోకాళ్లదాకా తడిసిన ఓవర్సీరమ్మ గట్టు మీద రాయిపై కూర్చుని ఆర్డరు కాగితానికి అడ్డంగా గీత కొట్టింది.

"లారీలకి వేరే చోటు చూసుకుంటారు లెండి. ఇకనుంచి ఈ కొండ మీద చెరువులన్నీ మీ కుటుంబమే బాగుచేయాలని రాస్తున్నా." పెన్ను ఆగింది. "కాకపోతే ఊట ఎందుకు ఆగిందో, ఎవరు మూశారో కూడా రాయాలి. ఆ అర్జీలు పెట్టిన మహానుభావుడెవరో కూడా తేలాలి. పై వాళ్లు అడుగుతారు."

కింద నీళ్ల చప్పుడు.

"నేనేనని రాసుకోండమ్మా," అన్నాడు నాన్న.

మేస్త్రమ్మ గిర్రున తిరిగింది. "నాన్నా!"

"నువ్వుండవే. ఆ రోజు వాన, కొండ విరిగిన గడబిడ. నేనే కొట్టి మర్చిపోయుంటాను. ఇన్నేళ్లు చిల్లు మోశాను. ఇది దానికంటే తేలికే." తడి మొహంతో నవ్వాడు. అన్న వైపు చూడలేదు. "నీళ్లొచ్చాయి కదా. ఇంకేం కావాలి?"

ఓవర్సీరమ్మ పెన్ను కాగితం మీద పెట్టింది.

మేస్త్రమ్మ సంచిలోంచి తెల్ల బిరడా తీసింది. నీళ్లోడుతున్న నల్ల బిరడా పక్కన, రాయి మీద పెట్టింది. మూడు గాట్లు, మూడు గాట్లు. ఒక్క మాట కూడా అనలేదు.

అన్నది పెద్దమ్మ. మొగుడి వైపు తిరక్కుండా, నీళ్లనే చూస్తూ.

"ఇంకా నిలబడే ఉన్నారేం? ఇరవై రెండేళ్లు ఆ పెట్టె దుమ్ము తుడిచాను. ఇక నా వల్ల కాదు. చెప్పండి."

పెదనాన్న రాయి దగ్గరికి వచ్చాడు. కర్ర లేకుండా నడవడం కష్టంగా ఉంది. వంగి తెల్ల బిరడా చేతిలోకి తీసుకున్నాడు, ఎడమచేత్తో.

"ఆ పేరు కొట్టేయండమ్మా," అన్నాడు. "వాడు కాదు, నేను.

"ఆ పొద్దున పీచు చుట్టి బిరడా కొట్టింది నేను. వాన మొదలైంది. పైన కొండ కదిలిన చప్పుడు వినగానే అందరికంటే ముందు గట్టెక్కింది కూడా నేనే. పీకేదాకా గట్టెక్కకు అని మా నాన్న నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. నేను ఎక్కాను. అప్పటికి వీడు కిందే ఉన్నాడు, కూలీల్ని ఒక్కొక్కర్నీ పైకి తోస్తున్నాడు.

"బిరడా సంగతి గుర్తే లేదు నాకు. నేను పీకే ఎక్కానని మిగతావాళ్లు అనుకున్నారు. మూడో రోజు పెట్టె సర్దుతుంటే ఆరే ఉన్నాయి. అప్పుడు తెలిసింది. అప్పటికి దాని మీద నిలువెత్తు రాళ్లూ మట్టీ. పెద్ద మేస్త్రి బిరడా మర్చిపోయాడని ఊరికి చెప్పాలి. రేపు చెప్దాం అనుకున్నా.

"ఆ సాయంత్రమే వీడు నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. అన్నయ్యా, గునపం లోతుకి దిగినట్టుంది, నా వల్లే ఊట పోయిందేమో అన్నాడు. కాదురా అనాలి నేను. అయ్యుంటుందిలే అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను నేను. మిగతాదంతా ఊరు అనుకుంది. నేను వింటూ కూర్చున్నాను.

"ఈ ఏడోది నేనే చెక్కాను. మసి పూశాను. అర్జీలు రెండూ నేనే రాశాను. పిల్ల పూడిక తీస్తానని పట్టుబట్టేసరికి నాకు వేరే దారి కనపళ్లేదు. పైన లారీలు నిలబడితే ఇక ఎవరూ తవ్వరు కదా.

"ఇందాక నోరు మూసుకునుంటే సరిపోయేది. బిరడా విరిగేది, ఊట పోయేది, నేను పెద్ద మేస్త్రిగానే పోయేవాణ్ని. కానీ వాడు అటు తిప్పుతుంటే, ఆ పగులు గాట్లు దాటుతుంటే, చూడలేకపోయాను."

ఆయన చెప్పులు విడిచాడు. వాలు మీద ఒక్కో అడుగే వేసుకుంటూ దిగాడు. పిక్కలదాకా నీళ్లు వచ్చేదాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు. నీళ్లు ఆయన పంచె అంచుని పైకి లేపుతున్నాయి.

"కొట్టినవాడు పీకేదాకా గట్టెక్కకూడదన్నారు. నేను ఎక్కాను. పీకింది నువ్వు," అన్నాడు తమ్ముడి కళ్లలోకి చూస్తూ. "అందుకని ఇక్కడే నిలబడతా. చెరువు ఎంత నిండితే అంత నిండనీ. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఎక్కమనేదాకా నేను గట్టెక్కను."